కోట గోడ మీద పిడకలు

కట్టంగూర్ పక్క ఊళ్లో, ఈదమ్మ ఇంటి అరుగు మీద ప్రేమ్‌సాగర్ ఫోను ముందుకు చాపి కూర్చున్నాడు. పాత వీడియో గేములకు కొత్త బొమ్మలు వేసి మళ్లీ అమ్మే హైదరాబాద్ కంపెనీలో అతనికి ఉద్యోగం. చిన్నప్పుడు తనకు అన్నం పెట్టిన చేతి మీద నేరం మోపడం ఎట్లాగో మాత్రం ఆ కంపెనీలో ఎవరూ నేర్పలేదు.

"నావి కావు."

"నేనింక ఏం అడగనే లేదు పెద్దమ్మా. బొమ్మ చూడుమన్న, గంతే."

"చూసిన. నావి కావు."

"ఏమి కావు?"

"నువ్వు ఏమి అడగవోతున్నవో అవి."

"జర సక్కగ చూడు. గిది కోట గోడ. సిపాయి తాళంచెవి కోసం గోడెంబడి ఉరుకుతున్నడు. ఇగో, గిక్కడ ఆపిన. గోడ మీద గుండ్రంగ ఇవేంది?"

"పిడకలు. రాజులకు మాత్రం పొయ్యి వద్దా?"

"అది మన దేశం కోట గాదు. ఆడ మంచు పడుతది."

"మంచు పడితే ఇంకిన్ని గావాలె పిడకలు."

"పిడక మీద వేళ్ల అచ్చు చూడు. చిటికెన వేలు పక్కకు ఒరిగి లేదా?"

"ఉంటది. లోకంల ఎందరి వేళ్లు ఒరిగి లేవు."

"నీ చెయ్యి కొంగుల ఎందుకు పెట్టుకున్నవ్?"

"చలి."

"బయట నెత్తి పలిగే ఎండ."

"ముసలిదాన్ని. నా చలి నాది. గని, మన పిడకలు గా మంచు కోటకు ఎట్ల వొయినయ్, అది చెప్పు ముందుగాల."

"మన పిడకలన్నవ్."

"మన ఊరి పిడకలన్న. చెప్పు."

"అది పాత ఆట పెద్దమ్మా. చిన్నగున్నప్పుడు డానియల్ అన్నోళ్ల ఇంట్ల టీవీకి తగిలిచ్చి ఆడిందే. అప్పుడు గోడంటే బూడిదరంగు గళ్లు, గంతే. ఇప్పుడు దాన్నే మళ్ల మార్కెట్ల ఇడిసిండ్రు, అన్నీ నిజం లెక్క కనవడాలని. నా వంతుకు గోడలొచ్చినయ్. దేవరకొండ ఖిల్లాకు పోయి రాతిగోడ ఫోటోలు పట్టుకరమ్మన్నరు."

"పోయినవా?"

"బస్సు రాలే."

"రాకపోతే?"

"క్రిస్మస్‌కు ఊర్లెనే ఉంటి. భీమయ్య పటేల్ గోడ గూడ రాతిదే గదా అని, గీ సందుల నిలవడి, ఫోన్‌తోటి..."

"పటేల్ గోడను కోట జేసినవ్. ఆయన మొదటిసంది గట్లనే అనుకుంటడు, నువ్వు నిజం జేసినవ్."

"నవ్వకు పెద్దమ్మా. పానం మీదికొచ్చింది."

"మరి ఫోటో తీసేటప్పుడు పిడకలు కనవడలేదా నీ కండ్లకు?"

"పుట్టినసంది చూస్తున్న గోడ. పిడకల్లేకుంటే నాకు అది గోడ లెక్కనే అనిపియ్యది."

"గంత పెద్ద ఆటల ఇంకేం తప్పులు లేవా? పోయి పోయి నా పిడకలే..."

"నీ పిడకలే?"

"గా పిడకలే దొరికినయా అంటున్న."

"మస్తున్నయ్ తప్పులు. సిపాయి ముందట పోతుంటే వాని మీసం ఎనుక వస్తుంటది. రాణి మెట్లెక్కితె కాళ్లు రాయిలకు దిగవడుతయ్. ఇంట్ల వాన పడుతది, వాకిట్ల పడది. దీపం ఈ దిక్కుంటే నీడ గూడ ఈ దిక్కే. ఆడెటోళ్లు అన్నీ పట్టి ఎక్కిరిచ్చిండ్రు. పాత ఆటనే నయముండె, పైసల కోసం కరాబ్ జేసిండ్రని తిట్టిండ్రు."

"మరి గోడను?"

"మొదలు గోడను గూడ తిట్టిండ్రు. తర్వాత ఒకడు లేసి, గవి కోటల సచ్చిన ఖైదీల చేతులన్నడు. ఇంకొకడు, ఒత్తితె దొంగ తలుపు తెరుసుకుంటదన్నడు. ఇగ చూడు, తాళంచెవి ఇడిసిపెట్టి అందరు గా గోడ కాడనే నిలవడ్డరు. ఒక్కొక్క పిడకకు చెయ్యి ఆనించుకుంట పోతున్నరు."

"తెరుసుకున్నదా?"

"ఏంది?"

"తలుపు."

"పిడకల ఎనుక తలుపుంటదా పెద్దమ్మా."

"ఏమో. పిడకలతోటి మూసుకునుడే చూసిన నేనైతే."

"బాట ముచ్చటనా?"

"ఇంకేం ముచ్చటుంటది నాకు? ఆయన గోడకు పిడకలు కొట్టిననంట, ఎండలు ముదిరినసంది పటేల్ సందు నిండ ముండ్లకంప ఏపిచ్చిండు. బోరింగు ఇగో, గోడ అవతల్నే. నీళ్ల సప్పుడు గూడ ఇనవడుతది. బిందె సంకల పెట్టుకొని ఊరంత తిరిగి పోవాలె. మోకాళ్లు కొరకవట్టినయ్. ఏడుపొస్తది కొడుకా, ఒక్కోపారి తొవ్వల్నే కూసొని ఏడుస్త."

"తప్పైందంటే అయిపోవు గదా."

"తప్పైందనుడు గాదు. పది మందిల కాళ్లు మొక్కాలన్నడు. పెండ గోడకు కొడితె వాన వడంగనే పోతది. కాళ్లు మొక్కింది పోతదా? నావి కావన్న. అరుసుకున్నం. అప్పుడు గుర్వయ్య పెద్దమనిషి ఏం తీర్పు జెప్పిండు, నువ్వు లేవు గదా?"

"లేను. పట్నంలుంటి."

"గోడ మీది చేతులు ఎవరియో తేలేదాక బాట బంద్ అన్నడు. ఈదమ్మయని తేలితె మొక్కి పోవాలె. కాదని తేలితె మొక్కకుండ ఊకనే పోవాలె. మరునాడే పటేల్ పిడకలు గీకిపిచ్చి గోడకు సున్నం కొట్టిచ్చిండు. ఇగ ఏం తేలుతది, ఎట్ల తేలుతది?"

"ఇప్పుడు నా ఫోటోల తేలింది."

"అందుకే నావి కావంటున్న."

"పెద్దమ్మా, నా మాట ఇను. కంపెనీల మొదలు తుడిచేద్దామన్నరు. నేనే తుడిచి పంపిన. తుడవంగనే ఆడెటోళ్లు లొల్లి పెట్టిండ్రు, మా చేతులు మాకియ్యిండ్రి అని. గోడ తోటే ఆట మస్తు అమ్ముడు పోతాంది. ఇగ మీసం, వాన, నీడ అన్నీ దిద్దుండ్రి, పిడకల జోలికి పోకుండ్రి అన్నరు. కాకపోతే చేతులు ఎవరియో మనిషి ఒప్పుకోవాలె. ఫోన్ల చూసి చెప్తే చాలు, గీ చేతులు నావే, పెట్టుకోండ్రి అని."

"ఒప్పుకోకుంటే?"

"పొద్దుగూకేలోపల పంపకుంటే గోడ పీకుతరు. దేవరకొండని చెప్పి సందుల ఫోటో తీసినందుకు నన్ను గూడ పీకుతరు."

"ఒప్పుకుంటే నీ నౌకరి నిలుస్తది."

"నిలుస్తది."

"నా బాట?"

"బాట సంగతి తర్వాత చూద్దాం పెద్దమ్మా."

"చెప్పు కొడుకా."

"వీడియో పటేల్ గూడ చూస్తడు."

"చూసి కాళ్లు సాపుతడు. నిన్ను సంకల ఏసుకొని తిప్పిన బిడ్డా. నీ నౌకరి పోవాలని నాకుంటదా? గని నాతోని అది గాదు."

అప్పుడు భీమయ్య వచ్చాడు. తాను వేయించిన ముళ్లకంప తనకు కూడా అడ్డమే కనుక, ఊరంతా చుట్టి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమిరా ప్రేమ్‌సాగరూ, నా గోడ అమ్ముకున్నవట?"

"అమ్ముకోలే కాకా. ఫోటో తీసిన."

"మా మనుమడు రిత్విక్ పట్నంల నుంచి ఫోన్ జేసిండు. తాతా, మన గోడ గేముల ఉన్నది, దోస్తులకు చెప్తే నమ్ముతలేరన్నడు. వాడు నాతోటి నిమ్మళంగ మాట్లాడి ఎన్ని దినాలయె. ఏది, చూపియ్యి."

"ఇగో."

"నాదే. గా మూల పగులు మా తాత కట్టిన్నాటిది. అరే, వాడెవడు నా గోడ దుంకుతున్నడు?"

"సిపాయి కాకా."

"మీసమేది వానికి?"

"ఎనుక వస్తాంది. దిద్దుతున్నం."

"సరె. గోడ కింద నా పేరెయ్యాలె. భీమయ్య గోడ అని."

"గోడకు పేరెయ్యరు కాకా. చేతులకే వేస్తరు. పిడకలు కొట్టినామె పేరు ఆట ఆఖరికి వస్తది. ఫోటో తోటి."

"కొట్టినామెదా?"

"గదే అడుగుతున్న పెద్దమ్మను."

"అడుగుడేంది, ఊరంత ఎరికే. ఏం ఈదమ్మా, ఇప్పుడన్న ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట పటేలా."

"ఆ?"

"పిలగాని నౌకరి పోతదంట. ఏం జేస్త మరి. ఒప్పుకుంట, నీ కాళ్లు గూడ మొక్కుత. కొడుకా, నా పేరు ఎట్ల వేస్తరు?"

"ఈదమ్మ అని. కింద ఊరి పేరు."

"చిన్నగనా, పెద్దగనా?"

"టీవీ నిండ."

"అన్ని దేశాలోళ్లు చూస్తరు?"

"చూస్తరు."

"పటేల్ గోడ ఎవరిదంటే ఈదమ్మది అనుకుంటరేమో."

"అనుకోవచ్చు పెద్దమ్మా. వాళ్లకు ఉన్నది ఒక్క నీ పేరే గదా."

"రిత్విక్ బాబు దోస్తులు గూడ గట్లనే అనుకుంటరు. పాపం. సరె, ఫోన్ పట్టు. ముఖం కడుక్కోవాల్నా, గిట్లనే ఉండాల్నా?"

"ఆగుండ్రి. జర ఆగుండ్రి. నా గోడ మీద నీ పేరేంది?"

"నువ్వే గదా పటేలా ఒప్పుకోమంటివి."

"ఒప్పుకోమన్న. పేరు వేసుకోమన్ననా?"

"కాకా, ఒప్పుకున్నోళ్ల పేరే వేస్తరు."

"అసలు గా చేతులు ఈదమ్మయి అని ఎవలు జెప్పిండ్రు నీకు?"

"మీరే గదా, ఊరందరి ముందట..."

"కోపంల అన్న. కోపంల సవాలక్ష అంటం, అన్నీ పట్టుకుంటరా? ఇప్పుడు సల్లగ ఆలోచిస్తే యాదికొస్తాంది. మా ఇంటామె అరుణమ్మ కొట్టింది."

"అరుణమ్మా? పిడకలా?"

"కొట్టొద్దా? మా ఇంట్ల బర్రెల్లేవా, పెండ లేదా?"

"ఎవలు చూడలేదు గదా కాకా."

"తెల్లారకముందే లేసి కొడుతుండె. మీరందరు పండుకుంటే ఎట్ల కనవడుతది?"

"మరి చిటికెన వేలు? పక్కకు ఒరిగున్నది చూడుండ్రి."

"ఆమెకు వాతం. వేలు అప్పుడప్పుడు ఒరుగుతది."

"అప్పుడప్పుడా?"

"చలికాలం. నువ్వు ఫోటో తీసింది చలికాలమే గదా?"

"క్రిస్మస్‌కు."

"మరి ఇంకేంది."

"కాకా, మా సారు పిడక కొట్టంగ గూడ వీడియో అడుగుతడు. గోడ తెల్లగున్నది మీది..."

"సున్నం పోతే పోనియ్యి. మళ్ల కొడుతది."

"చెయ్యి తిరగకుంటే నేను నేర్పిస్త పటేలా. పెండల పొట్టు కలిపి పిసకాలె, లేకుంటే గోడకు నిలవది."

"నేర్పుడేంది? ఆమెకు రాదా?"

"వస్తది, వస్తది. ఎంత మంచిగ కొట్టింది, గోడ చూస్తే తెలుస్తలేదా. నాతోని గట్ల గాదు."

"పెద్దమ్మా, నువ్వు గూడనా?"

"నన్నెందుకంటవు కొడుకా? పొద్దటిసంది నీకేం జెప్తున్న? నావి కావనే గదా. నువ్వే ఇంటలేవు."

"నీ పేరు పోతది. లోకమంత చూసేది పోతది."

"లోకం నన్ను చూసి ఏం జేస్తది. నీ నౌకరి నిలుస్తే సాలు నాకు. అరుణమ్మ ఒప్పుకున్నా నిలుస్తది గదా?"

"ఎవరో ఒకరు ఒప్పుకుంటే నిలుస్తది."

"అయితే ఊకో. పటేలా, ఆమెను పిలిపియ్యరాదు?"

"ఆమె చుట్టు తిరిగి ఇంత దూరం యాడొస్తది. ఆమె బదులు నేను జెప్త. జర సేపాగి ఇంటికొచ్చి ఆమె మాట గూడ పట్టుకో. ఫోన్ పట్టు. కండువ సక్కగున్నదా?"

"ఉన్నది కాకా. మాట్లాడుండ్రి."

"నా పేరు భీమయ్య. కట్టంగూర్ మండలం. గీ గోడ నాది, మా తాత కట్టిండు. గోడ మీది చేతులు నా భార్య అరుణమ్మయి. చాల్నా?"

"జర కచ్చితంగ చెప్పు పటేలా. ఈదమ్మయి కావని గూడ చెప్పు. రేపు ఊర్లె ఎవలన్న పోయి ఈదమ్మయే అంటే నీ పేరు కరాబైతది."

"నిజమే. పిలగా, ఆపకు. ఇదిగో, ఈదమ్మయి కావు. ఈదమ్మ ఏనాడు నా గోడ మీద చెయ్యి పెట్టలే. పది మందిల అడిగినా గిదే జెప్త."

"మంచిగ జెప్పినవ్ పటేలా."

"పడ్డదారా?"

"పడ్డది కాకా."

"మరి పంపు."

"పంపుతున్న."

"ఆగు కొడుకా. కంపెనీకి పొద్దుగూకేదాక టైమున్నదంటివి గదా. ముందుగాల గుర్వయ్యకు పంపు. చేతులు ఎవరియో తేలినయి, సందుల కంప తియ్యమను."