ముళ్ల కళ్ళెం

హలో… ఆ, నేనే. ఉదయశ్రీనే మాట్లాడుతున్నా. మీరెవరండీ…

గొంతు తెగిపోతోంది. సెల్లులోంచి చేస్తున్నారా? కాస్త బయటికొచ్చి మాట్లాడండి…

ఓ. సుబ్రహ్మణ్యం బావగారా.

లేదండీ, పెట్టెయ్యలేదు. వింటున్నాను. అక్క మొగుడి గొంతు మూడేళ్ల తరవాత వింటుంటే, పోల్చుకోడానికి ఆ మాత్రం టైము పట్టదూ…

బాగానే ఉన్నాను. స్కూలా… నడుస్తోంది. అప్పట్లో శాల నిండా గుర్రాలుండేవి, ఇప్పుడు నాలుగున్నాయి. సవారీకొచ్చే పిల్లలూ ఆ లెక్కనే ఉన్నారు. ఎందుకు తగ్గారో మీకు నేను చెప్పక్కర్లేదు కదా…

ఒక్క నిమిషం… ఐలయ్యా, గా నీళ్ల మోటరు జర బంద్ చెయ్యవా, ఫోన్ల ఏం ఇనవడ్తలేదు… ఆ, చెప్పండి బావగారూ.

గుర్రం కొన్నారా. మీరు.

నవ్వలేదండీ, దగ్గొచ్చింది. మీ మాదాపూర్‌లో రాళ్లు పేలిస్తే దుమ్ము మా మదీనాగూడ దాకా వస్తోంది…

ఎన్నేళ్లది?… నాలుగు నిండబోతున్నాయా. పిల్లే అన్నమాట. మగదా?… ఆడదా. ఊఁ… తేనె రంగు, నుదుటి మీద తెల్ల చుక్క. పేరెవరు పెట్టారు?… రసజ్ఞా? ఏమని?… చిట్టి. బాగుంది. అక్క కూతురికి పోలికలు అక్కవే అనుకున్నాను, కాస్త పిన్ని పోలిక కూడా వచ్చినట్టుంది.

ఆదివారం… తెలుసండీ. మీ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటుకి సొంత బిల్డింగు. కూకట్‌పల్లిలో ఏ కరెంటు స్తంభం చూసినా మీ ఫొటోనే కదా. 'వై టూ కె నేర్చుకో, జీవితం మార్చుకో.' నా గేటుకీ ఒక బ్యానరు కట్టిపోయారు. ఐలయ్య విప్పి గడ్డివాము మీద కప్పాడు, వానకి పనికొస్తుందని…

సరే, మెయిన్ రోడ్డు నుంచి బిల్డింగు దాకా మీరు గుర్రం మీద రావాలి. ముందు బ్యాండు మేళం, పక్కన పేపరువాళ్లు. ఆ పిల్లేమో నోట్లో కళ్ళెం పెట్టనివ్వడం లేదు.

అదా సంగతి. ఇన్నాళ్లకి ఈ మరదలు గుర్తొచ్చిందేమిటా అనుకున్నాను.

చెప్పండి, కళ్ళెం పెడితే ఏం చేస్తోంది?… తల ఎగరేస్తోంది… నాలిక బయటికి తీసి పక్కకి వేలాడేస్తోంది… పళ్లు పటపట కొరుకుతోంది. నురగలో ఎరుపేమైనా కనిపించిందా?… చూడలేదా. చూడరు లెండి.

ఏ కళ్ళెం పెట్టారు?… మామూలుదే అంటే ఎలా అండీ. చెప్పులైనా కాలు కొలిచి కొనుక్కుంటాం. నోట్లో ఉండే కడ్డీ ఎలా ఉంది, మడత పడుతుందా?… మధ్యలో ఒకచోట పడుతుంది. ఒంటి కీలుది. మీరు పగ్గం లాగినప్పుడల్లా ఆ రెండు ముక్కలూ ముడుచుకుని నాలికని నొక్కేస్తాయి, అడకత్తెరలో పోకచెక్కలాగ. కీలు పైకి లేచి అంగిట్లో పొడుస్తుంది. కొన్నింటికి అదీ సరిపోతుంది. చిన్న నోరూ, లావు నాలికా ఉన్నదానికి సరిపోదు. మీరు పొగరంటున్నారే, అది పొగరు కాదు, నొప్పి.

లేదండీ, కోపంతో అనడం లేదు. కోపం వేరే ఉంది, దాని దగ్గరికి తరవాత వద్దాం. ఇప్పుడు పశువుల డాక్టరుగా చెప్తున్నాను.

దాని పై దవడలో, నమిలే పళ్లకి కాస్త ముందు, గోరంత పన్నొకటి ఉంటుంది. కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఎవరైనా చూశారా?… అసలు నోరే తెరవలేదా. నాలుగేళ్ల పిల్లంటే పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసండీ. చిగుళ్లు సలుపుతుంటాయి. దాని మీద ఆ గోరంత పంటికి ఇనుము తగిలిందంటే ప్రాణం జివ్వుమంటుంది. ముందు నేను నోరు చూడాలి. ఆ పన్నుంటే తియ్యాలి, మానేదాకా ఆగాలి…

మానాక రెండు కీళ్లది పెట్టి చూస్తాం. మధ్యలో బాదంగింజలాంటి నున్నటి ముక్క ఉంటుంది, అది నాలిక మీద చదునుగా కూర్చుంటుంది. అదీ ఒప్పుకోకపోతే, కీలు లేకుండా కాస్త వంపు తిరిగి, పైన రబ్బరు తొడుగున్నది. పెదాల చివర సన్నటి ముడత పడేంత బిగువుంటే చాలు. దేన్ని నములుకుంటూ తల దించుకుని నిలబడుతుందో అదే దానికి నచ్చినట్టు.

ఆదివారానికా? కుదరదు.

ఎంతిచ్చినా కుదరదండీ. చిగురు మీ ముహూర్తం చూసుకుని మానదు.

…ఏమన్నారు? మళ్లీ అనండి.

అమ్మినవాడు ఇంకోటి కూడా ఇచ్చాడా.

ముళ్లది.

…

ఉన్నానండీ. లైన్లోనే ఉన్నాను.

అదిప్పుడెక్కడుంది?… మీ బల్ల మీదే. అయితే ఒక పని చెయ్యండి బావగారూ. ఆ ముళ్ల మీద మీ బొటనవేలు పెట్టి నొక్కండి… ఊరికే, నా మాట కోసం… గుచ్చుకుందా. గుర్రం నాలిక మీ వేలికన్నా మెత్తన. ఈ సంగతి మీకు కొత్త కాదు.

పాత మాటలు ఎత్తొద్దంటారా. నేనెత్తలేదు. ఫోన్ చేసింది మీరు, ముళ్ల కళ్ళెం అన్నది మీరు.

మీ తమ్ముడి పెళ్లి ఊరేగింపుకని నా కస్తూరిని తోలుకుపోయారు. నన్నడగలేదు. నేను విజయవాడలో ఉన్నాను. అది చిన్నపిల్లలకి సవారీ నేర్పే గుర్రం, దాని వీపు మీద పిల్లలు నిద్రపోయేవాళ్లు. బ్యాండూ, టపాసులూ దానికేం తెలుసు. బెదిరి నిలబడకపోతే ముళ్లది తెచ్చి నోట్లో దూర్చారు. పెళ్లికొడుకుని ఎక్కించే ముందు మీ దర్జా చూపిద్దామని మీరెక్కి, రెండు చేతులా లాగారు. అది నిటారుగా లేచి వెనక్కి పడింది. మీరు దూకేశారు. దాని నడుం విరిగింది.

విననండీ, మీరే వినండి. నేనొచ్చేసరికి రోడ్డు పక్కన టార్పాలిన్ కప్పి ఉంచారు. చచ్చిపోయిందనుకున్నాను. నా అడుగు విని చెవులు కదిపింది…

అంతవరకే అయితే, తెలివితక్కువ మనిషి, తెలియక చేశాడు అని ఏడ్చి ఊరుకునేదాన్నేమో. మీరేమన్నారు? 'ఆ కళ్ళెం మా మరదలే పెట్టి పంపింది. తన గుర్రాలన్నిటికీ అదే పెడుతుంది. డాక్టరమ్మ కదా, అడిగేవాళ్లెవరు.' పెళ్లివాళ్లతో అన్నారు, పోలీసులతో అన్నారు, కాలనీ అంతా చెప్పుకొచ్చారు. పిల్లల తల్లులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని మానిపించేశారు. మా అమ్మ కూడా అడిగింది నన్ను, ఎందుకు పెట్టావే అని. మా అమ్మ అడిగింది బావగారూ.

పొరపాటా. పొరపాటైతే మర్నాడు పొద్దుటికైనా దిద్దుకునేవారు.

సరే. ఇప్పుడు నేనేం చెయ్యబోతున్నానో చెప్తాను. చాటుమాటున చెయ్యడం నాకు రాదు, అందుకని ముందే చెప్తున్నాను.

ఆదివారం నేనూ వస్తాను. కార్డు ఇవ్వకపోయినా స్తంభాల మీద ఊరందరినీ పిలిచారుగా. మీ గేటు దగ్గరే నిలబడతాను. మీరు ఆ ముళ్లది పెట్టి గుర్రం మీద వచ్చారంటే, పగ్గం పట్టుకుని ఆపుతాను. జంతు సంక్షేమం వాళ్లని కూడా వెంటబెట్టుకొస్తాను. పేపరువాళ్ల ముందు దాని నోరు తెరిచి చూపిస్తాను. పశువుల డాక్టర్ని, నోళ్లు తెరవడం నా పనే. మర్నాడు పేపర్లో మీ పట్టు పాగా, దాని రక్తం, ఒకే ఫొటోలో వస్తాయి.

అవునండీ, బెదిరిస్తున్నాను.

అక్క మొహమా? చూశాను, చాలానే చూశాను. ఇంక దాన్ని అడ్డం పెట్టుకోకండి.

ఇంకో దారి కూడా ఉంది, వినండి. గుర్రం ఇవాళే నా దగ్గరికొస్తుంది. నోరు బాగయ్యేదాకా ఇక్కడే ఉంటుంది, ఆ తరవాతా ఇక్కడే ఉంటుంది. రసజ్ఞ వచ్చి సవారీ నేర్చుకుంటుంది. మీరు మాత్రం దాన్ని ఎక్కరు. ఆదివారం కాదు, ఎప్పటికీ కాదు. ఇంకోటి. ఆ రోజు మీ మైకు ముందు కూర్చునేవాళ్లలో సగం మంది ఆ పెళ్లికొచ్చినవాళ్లే. వాళ్లందరూ వినేలాగ, 'కస్తూరి నోట్లో ఆ కళ్ళెం పెట్టింది నేనే' అని మీ నోటితో మీరు చెప్తారు.

…మరి దేని మీద రావాలా? కారులో రండి. మీ గేటు కారు పట్టేంత వెడల్పేగా.

పరువంటారా. నాకూ ఉండేదండీ.

ఆలోచించుకోండి. నేనేమీ తొందరపెట్టను… వెనకాల ఎవరండీ అది? ఎవరు ఏడుస్తున్నారు?

అక్కా?

ఇవ్వండి. ఫోన్ ఆవిడకివ్వండి. మీరు పక్కకి జరగండి.

సుందరక్కా… నేనే. అలా ఏడిస్తే నాకేం వినపడుతుంది. కూర్చుని చెప్పు.

ఊఁ…

ఏం చూశావు?

…ఆయన సంచిలోంచి తియ్యడం చూశావా. నోట్లో పెట్టడం కూడా… అది తల విదిలించుకుంటుంటే నువ్వు పెట్రోమాక్సు లైట్ల పక్కన నిలబడి ఉన్నావు. పళ్లెం పట్టుకుని.

అంటే నీకు మొదటినుంచీ తెలుసు.

…అమ్మ నన్ను నిలదీసినప్పుడు నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కదక్కా. కాఫీ కలుపుతున్నావు. నీకు పంచదార ఎంత వెయ్యనే అని నన్నడిగావు.

…తెలుసు. పెళ్లిల్లు, మీ అత్తగారు, కొత్త కోడలి వాళ్ల ముందు మీ ఆయన తలవంపులు. నీ కారణాలు నీకుంటాయి, కాదనను. నేనేమనుకునేదాన్నో తెలుసా? అక్కకి తెలియదు పాపం, తెలిస్తే ఊరుకునేది కాదు అనుకునేదాన్ని. ఇన్నాళ్లూ బావగారొక్కరినే తిట్టుకుంటూ పడుకున్నాను. నీ వాటా నీకు వెయ్యలేదు.

…ఏంటీ? నువ్వు చెప్తావా? మైకులో?

ఆయన అక్కడే ఉన్నారా?… నాతో చెప్తే ఏం లాభం, ఆయన వైపు తిరిగి అను. నేను లైన్లోనే ఉంటాను.

…

ఆఁ. వినపడింది.

ఏమంటున్నారు?… కుర్చీలో కూర్చున్నారా. కూర్చోనీ. మంచినీళ్లు కావాలంటే తనే తెచ్చుకుంటారు, నువ్వు లేవకు.

అక్కా, ఇది కూడా విను. నువ్వు చెప్తానన్నావు, చెప్పు. ఆ తరవాత నువ్వూ నేనూ మళ్లీ అమ్మ దగ్గర పక్కపక్కన కూర్చుని కాఫీ తాగుతామని మాత్రం ఆశ పెట్టుకోకు. నాకంత పెద్ద మనసు లేదు. ఆయన్ని క్షమించను. నిన్ను అసలే క్షమించను. ఆయన నాకు పరాయివాడు, నువ్వు కాదు.

…శాపనార్థాలు కావక్కా, ఉన్నమాట.

కస్తూరికి ఆఖరి ఇంజక్షన్ ఎవరిచ్చారో తెలుసుగా నీకు. రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని నేనే ఇచ్చాను. మొదటిసారి మెడ నరం దొరకలేదు. సూది తీసి మళ్లీ గుచ్చాను. నమ్మకంగా నా ఒళ్లో తల పెట్టుకునే ఉంది. ఆ రెండో పోటు నేను మర్చిపోతే, అప్పుడు చూద్దాం.

…ఏడువు. ఏడ్చి మొహం కడుక్కో, పనుంది.

ఆ ముళ్లది బల్ల మీంచి నువ్వే తియ్యి. ఇంకెవరి చేతికీ ఇవ్వకు, గుర్రంతో పాటు పంపించు. దాన్ని వేడిచేసి సుత్తితో సాపు చెయ్యమని కమ్మరికిస్తాను. చిట్టి నోట్లో ఇప్పుడు ఏమీ ఉండకూడదు. ముక్కు మీదుగా మెత్తటి తాడు చాలు. గోరువెచ్చటి ఉప్పునీళ్లతో నోరు కడిగించు. తవుడు బాగా తడిపి పెట్టు, గట్టి గడ్డి వెయ్యకు. ఐలయ్యకి వ్యాన్ ఇచ్చి పంపిస్తున్నాను. రాళ్లు పేల్చడం అయ్యాకే ఎక్కించమను, లేకపోతే బెదురుతుంది.

రసజ్ఞ ఉందా అక్కడ?… ఇవ్వు.

రసజ్ఞా, పిన్నిని… ఊఁ, నా దగ్గరికే వస్తోంది నీ చిట్టి… లేదమ్మా, నొప్పి పెట్టనివ్వను. నువ్వూ నేనూ కూర్చుని ఒక్కొక్కటీ పెట్టి చూద్దాం. ఏది పెడితే హాయిగా నములుతుందో అదే దానికి… పన్ను తీస్తే ఏడుస్తుందా? మందిచ్చి తీస్తాను, దానికి తెలియదు… నువ్వు వ్యాన్లో ఐలయ్య పక్కన కూర్చుని రా, దారి పొడుగునా దానితో మాట్లాడుతూ ఉండు. నీ గొంతు తెలుసు దానికి…

మీ అమ్మ కూడా రావచ్చా అనా?

…వస్తానంటే గేటు దాకా రమ్మను. లోపలికి నువ్వొక్కదానివే రా.

ఊఁ. పెట్టేస్తున్నాను.