‘ఏమీ లేవు’ అన్న తెరను ఆపించిన మేడమ్ గారు

1989 జూలై మూడో తేదీ సోమవారం ఉదయం, ఆసుపత్రి రికార్డుల విభాగంలో టైపిస్టుగా మేడమ్ గారు ఉద్యోగంలో చేరారు. అప్పట్లో ఈ విభాగం ఎక్స్‌రే గది వెనక, కిటికీ తెరిస్తే జనరేటర్ పొగ, మూస్తే ఉక్కపోత ఉండే చిన్న గదిలో ఉండేది. రోగుల వివరాలు టైపు చేస్తూనే, ఆ వివరాలు ఎవరికి, ఏ వేళ, ఎందుకు అవసరమవుతాయో ఆమె శ్రద్ధగా గమనించేవారు.

కంప్యూటర్లు వచ్చాక సాయంత్రం తరగతులకు వెళ్లి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. “మనవరాలికీ పాఠాలే, కోడలికీ పాఠాలే. ఈ ఇంట్లో చదువు అబ్బనిది నాకూ, పొయ్యికీనూ!” అని అత్తగారు విసుక్కుంటూనే, పరీక్షల రోజుల్లో కోడలిని గరిటె పట్టనిచ్చేవారు కారు. అలా టైపిస్టుగా వచ్చిన మేడమ్ గారు క్రమంగా ప్రోగ్రామర్‌గా, ఆపై సీనియర్ ప్రోగ్రామర్‌గా ఎదిగారు.

రోగులకు పడని మందుల వివరాలు పాత పట్టికల్లో ఇమిడేవి కావు. ఒకరికి ఏ మందైనా పడుతుంది, మరొకరికి అరడజను పడవు. గళ్లు మాత్రం అందరికీ ఒకటే. “ఊరందరికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టుంది” అనేవారు ఆమె. అందుకే, ఎవరి వివరాలు ఎంత ఉంటే అంతగా ఒకేచోట దాచగల డాక్యుమెంట్ డేటాబేస్‌ను ఎంచుకుని, ఫ్రేమ్‌వర్క్ అనే రెడీమేడ్ ప్రోగ్రామ్ చట్రం సాయంతో ఆసుపత్రి అప్లికేషన్‌ను దానికి కలిపారు. డేటాబేస్ చిరునామా రాసిస్తే, కలిపే పని ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది.

ఈ కొత్త ఏర్పాటు ప్రారంభోత్సవం రోజు ఉదయం అప్లికేషన్ తెరవగానే ‘కనెక్ట్ అయింది’ అని వచ్చింది. గదంతా చప్పట్లు. అవి ఆగకముందే ఫోన్ మోగింది.

“మేడమ్, నాలుగో వార్డు సిస్టర్‌ని. ఇక్కడో తాతకి పడని మందులు ‘ఏమీ లేవు’ అని చూపిస్తోంది. ఆయనేమో ఆ సూది నాకొద్దు మొర్రో అంటున్నాడు. ఎవర్ని నమ్మమంటారు?”

“తాతనే నమ్మండి. సూది ఇవ్వకండి.”

మేడమ్ గారు ఇంకో రోగి వివరాలు తెరిచారు. ‘ఏమీ లేవు.’ మరొకరివి. అక్కడా అదే మాట. పక్కనున్న జూనియర్ ప్రోగ్రామర్ తెర మీదికి వంగింది.

“కనెక్ట్ అయిందనే అంటోంది కదా మేడమ్?”

“అయింది తల్లీ. ఎక్కడికి అయిందో చూడు.”

చిరునామాలో సర్వర్ పేరు ఉంది, డేటాబేస్ పేరు లేదు. పేరు చెప్పలేదని ఫ్రేమ్‌వర్క్ అభ్యంతరమేమీ చెప్పకుండా, అదే సర్వర్‌లోని వేరే ఖాళీ డేటాబేస్‌కు కలిపింది. రోగుల పేర్లు, వయసులు ఇంకా పాత పట్టికల నుంచే వస్తుండటంతో తెర చూసినవారికి అనుమానం రాలేదు. సమాచారం దొరకని చోటల్లా అప్లికేషన్ ‘ఏమీ లేవు’ అని ధీమాగా చెప్పేస్తోంది.

అన్ని వార్డుల్లోనూ తెరలు ఆపించాలని ఆమె విభాగాధిపతి గారిని కోరారు.

“ఇప్పుడా? పెద్ద డాక్టరుగారు మెట్లెక్కుతున్నారు మేడమ్! పది నిమిషాల్లో గుట్టుగా సరిచేసేద్దాం.”

“ఆ పది నిమిషాల్లో ఎవరికి ఏ సూది పొడుస్తారో మనకి తెలీదు సార్.”

“ఎవరు చేశారని అడుగుతారు. మీ ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది, గుర్తుందా?”

“నేనేనని చెప్పండి. ఆ చిరునామా నేను రాసిందే.”

అతిథులు హాల్లో ఎదురుచూస్తుండగా, మేడమ్ గారు వార్డు వార్డుకూ స్వయంగా ఫోన్ చేసి తెరలు ఆపించి, “తెర చూడకండి, మనిషిని అడగండి” అని చెప్పారు. ఎవరికీ ప్రమాదం జరగలేదు. తాతగారు మాత్రం ఇంటికి వెళ్తూ, “మీ పెట్టెకన్నా నా నోరే నయం” అని సిస్టర్‌ను ఆటపట్టించి మరీ వెళ్లారట.

చిరునామా సరిదిద్దడంతో ఆమె ఊరుకోలేదు. అప్లికేషన్ తెరుచుకునే ముందు, తప్పక ఉండవలసిన ఒక రికార్డును వెతికి, అది కనబడకపోతే మొరాయించేలా మార్చారు. రోగిని అడిగి నమోదు చేస్తేనే ‘ఏమీ లేవు’ అని కనిపించాలి, లేకపోతే ‘ఇంకా అడగలేదు’ అని రావాలి. ఈ పద్ధతి నేటికీ అమల్లో ఉంది.

ఆ ఏడు పదోన్నతి రాలేదు. కూతురు ఉండబట్టలేక అడిగింది. “ఎందుకు చెప్పావమ్మా? నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదుగా!”

“నాకు తెలుసుగా. రేపు మళ్లీ ఆ వార్డుల మధ్య నుంచి నడవాల్సింది నేనే” అన్నారు ఆమె, బట్టలు మడతపెడుతూ.

పదోన్నతి ఆలస్యంగానైనా వచ్చింది. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారు, తలెత్తుకుని నడిచిన ఈ వరండాల నుంచి తమ ఇంటి వాకిట్లోకి అంతే నిశ్చింతగా అడుగుపెట్టాలనీ, కుటుంబ సభ్యుల మధ్య ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలనీ, వారి కాళ్లు ఎన్నేళ్లయినా ఆ నడక మరవకూడదనీ విభాగమంతా మనసారా కోరుకుంటోంది.