కాకి ముట్టని ముద్ద

వాగు గట్టున చింతచెట్టుంది చూశారా, దాని కాయ రాలినా ఎవరూ ఏరరు, కాకి కూడా వాలదు. ఎందుకు వాలదో చెబుతా, ఇట్టా దగ్గరికి జరగండి.

గురవయ్యని ఉండేవాడు. జొన్నచేలకు కాపలా. మంచె మీద నిలబడి వడిసెలలో రాయి పెట్టి తిప్పాడంటే కంకి కదలకుండా పిట్ట లేచిపోయేది, అంత గురి. వాడి పెళ్ళాం పున్నమ్మ. ఆమె అన్నం తెచ్చేదాకా మంచె దిగేవాడు కాదని ఊరంతా నవ్వేది, నవ్వితే ఏం, వాడికి ఆమే లోకం. ఆ పున్నమ్మ కాస్తా విషజ్వరం తగిలి పోయింది.

పెద్దకర్మ నాడు ఆ చెట్టు ముందే పిండం పెట్టారు. కాకి ముడితే పోయిన మనిషి తృప్తిగా వెళ్ళిపోయినట్టు, మీకు తెలుసుగా. కాకులు వస్తన్నాయి, ముద్ద దాకా వచ్చి లేచిపోతన్నాయి. ఆమెకేం కోరిక మిగిలిందోనని ఒకరు నీ గేదెను అమ్మబోమన్నారు, ఇంకొకరు నీ చెల్లెల్ని మేం చూసుకుంటామన్నారు, ఆ చెల్లెలు ఆదెమ్మ ఏడుస్తా దణ్ణాలు పెట్టింది. ఉహూ. పొద్దు వాలుతుంటే దర్భతో కాకిని చేసి ముద్దకు తాకించి, అయిందనిపించి ఇళ్ళకు పోయారు. పున్నమ్మకు ఏ కోరికా లేదర్రా! అందరి వెనకాల కూర్చుని గురవయ్యే గులకరాళ్ళు విసిరాడు. కాకి ముడితే ఆమె వెళ్ళిపోతుందని వాడి భయం.

మరి ఆమె ఉండిపోయింది. మర్నాడు సందెవేళ వాడు పోతే చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. వాడు పొంగిపోయాడు, ఆ తర్వాత రోజూ కబుర్లు, రోజూ అన్నం మూట. ఆమె మాత్రం చిక్కిపోతంది. ముద్ద నోటి దాకా ఎత్తితే మెతుకు మెతుకూ నేలపాలయ్యేది. ఆకలయ్యా అనేది. వాడు ఇంకాస్త నెయ్యేసి తెచ్చేవాడు, ఏం చెప్పమంటారు ఆ పిచ్చిని. చివరికి ఒకనాడు ఆమె, కోపంగా కూడా కాదు, నేను తినగలిగింది ఆ ఒక్క ముద్దేనయ్యా, దాన్ని నువ్వే తిననీయలేదు కదా, అందంట.

ఆమెకు తెలుసు! వాడికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తువ్వాలు మొహం మీదికి లాక్కుని వచ్చి, ఆదెమ్మ గుమ్మంలో అందరి ముందూ తల ఎత్తకుండా చేసింది చెప్పాడు. ఆదెమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. లోపలికి పోయి పొయ్యి వెలిగించి బియ్యం కడిగింది.

మళ్ళీ పిండం పెట్టారు. ఈసారి గురవయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. కాకి వాలింది, తినింది. పున్నమ్మ ఒక్కసారన్నా వాడి వైపు చూడకుండా వాగు దాటి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వాడూ ఎన్నాళ్ళో బతకలేదు. వాడి పిండానికి కాకులు గుంపుగా వచ్చినయ్యి, ఒక్కటీ వాలలేదు, చెట్టు మీద నుంచి గులకరాళ్ళు పడతన్నాయి. ఆదెమ్మ పైకి చూసి, బావా, అక్క ఏమీ అనుకోదు, పోవయ్యా అని బతిమాలింది. రాళ్ళు ఆగలేదు. పోతే అక్కడ పున్నమ్మకు మొహం చూపించాలిగా? అప్పుడు ఆమెను పట్టుకున్నాడు, ఇప్పుడు తన సిగ్గును పట్టుకున్నాడు, పట్టు మాత్రం వదల్లేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకే తల కొట్టేసినట్టుంటుంది.

వాడు మిమ్మల్నేం చేయడు. తువ్వాలు కప్పుకుని అటు తిరిగి కూర్చునుంటాడు, అంతే. అయినా అటు పోమాకండి. ఒక మనిషి సిగ్గుతో చస్తుంటే పోయి తొంగిచూడటమేందర్రా?