వంటగది లేకపోయినా ఫర్వాలేదు

అలా కిటికీ వంక గుడ్లప్పగించి చూడకండి. మూయను. నాన్నకి గాలీ వెలుతురూ బాగా తగలనివ్వమ్మా అని అమ్మాయి ఫోన్ చేసి మరీ చెప్పింది. తగలనివ్వండి, మంచిదే కదా.

పదకొండయినట్టుంది, కింద హోటల్లో నూనెలో ఉల్లిపాయలు పడ్డాయి. ఇంకో పావుగంటకి మాంసం వేస్తాడు. పన్నెండుకి ఆ మూల బట్టీలోంచి రొట్టెలు దిగుతాయి. ఇదంతా మీరు చెప్పిందే కదండీ, వేళ్ళు మడిచి మరీ. నాకెక్కడిదీ జ్ఞానం?

ఉండండి, దిండు ఎత్తు చేస్తాను. ఎడమ చెయ్యి దుప్పటి పైన పెడతాను. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది, మింగడం పోయింది, ఆ చూపుడువేలు మాత్రం నిక్షేపంగా ఆడుతోంది. నా ఖర్మ కాకపోతే, అన్నీ పోయి మీకు అదొక్కటే మిగలాలా?

ముక్కులో గొట్టం దురద పెడుతోందా? పెడుతుంది మరి, రెండున్నర నెలలాయె. రోజుకి ఆరుసార్లు ఆ తెల్లటి నీళ్ళు గొట్టంలో పోస్తున్నాను. నాలుకకి తగలకుండానే కడుపులోకి పోతోంది. ఒకరోజు ఎలా ఉంటుందో చూద్దామని నేను వేలితో నాకాను. తగలకపోవడమే మీ అదృష్టం.

ఈ ఇంట్లో దిగకముందే మీరు పడిపోతే, ఆసుపత్రిలో అందరూ ఏమన్నారో గుర్తుందా? ఆ ఇల్లు వద్దనుకోండమ్మా, ఇప్పుడు సిటీ నడిబొడ్డున మీకెందుకు, ఆ గోలా ఆ పొగా అని. డాక్టరన్నాడు, అమ్మాయి కూడా అంది. నేనే పట్టుబట్టాను. ఆయన ముచ్చటపడి చూసుకున్న ఇల్లు, అక్కడికే తీసుకెళ్తానన్నాను. అమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చేసింది, నీలాంటి భార్య ఎవరికుంటుందమ్మా అని. మీరు స్ట్రెచర్ మీద ఉన్నారు, విన్నారు. మీకు మాత్రం అప్పుడే అర్థమైపోయింది, కదూ? మీ కళ్ళు చూశాను నేను.

అబ్బ, ఇంటి కోసం ఆరు నెలలు తిప్పారండీ నన్ను. రిటైరయిన మర్నాటి నుంచీ ఇదే పని. ఊరి చివరి ఇంట్లో ఇన్నాళ్ళు మగ్గిపోయాను, ఇంక బతికినన్నాళ్ళు తిండి మధ్యలో ఉంటానన్నారు. స్టేషన్ దగ్గర చూశాం. వద్దన్నారు. సంచీ చేతిలో పట్టుకుని తినేవాడు మళ్ళీ రాడు, వాడి కోసం ఎవడూ ఒళ్ళు వంచి వండడన్నారు. సినిమాహాళ్ళ వీధి చూశాం. అక్కడ తిండికి కాదు, దీపాలకి జనం వస్తారన్నారు. రోజూ వచ్చి తినేవాళ్ళుండే వీధి కావాలి, ఒకరోజు ఉప్పు ఎక్కువైతే మర్నాడు వంటవాణ్ణి నిలదీసేవాళ్ళుండాలి, అదీ నా వీధి అన్నారు. ఆ మాట బాగానే అన్నారు, కాదనను.

ఇంట్లోకి వెళ్ళగానే గదులు చూసేవారా? లేదు. కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని నిలబడి, ముక్కుతో గాలి పీల్చి, గట్టు మీద వేలితో రెండుసార్లు కొట్టేవారు. టక్, టక్. బ్రోకరు తాళం వేసేసేవాడు. అలా పదకొండు ఇళ్ళు. నా మోకాళ్ళు అరిగిపోయాయి.

పన్నెండోది ఇది. ఇంట్లో చెప్పులతోనే కిందికి దిగి, తిని, పోసిపెట్టిన టీ చల్లారేలోపు వచ్చెయ్యొచ్చన్నారు. ఒక్కసారి కొట్టారు. బ్రోకరు పాపం, అమ్మగారూ ఒక్కటే ఇబ్బంది, వంటగది బీరువా అంతే ఉంది, ఇద్దరు పట్టరు అన్నాడు. మీరేమన్నారు?

గుర్తులేదా? నాకుంది. వంటగది లేకపోయినా ఫర్వాలేదయ్యా, ఉన్నప్పుడు మాత్రం ఏం ఒరిగింది అన్నారు. వాడు నవ్వాడు. మీరూ నవ్వారు. నేను మీ పక్కనే నిలబడి ఉన్నాను, చేతిలో మీ గొడుగు పట్టుకుని.

ముప్పై ఒక్క ఏళ్ళండీ. బిస్కెట్ల కంపెనీలో రుచి చూసే ఆఫీసరు. అక్కడ అందరూ మిమ్మల్ని నాలుకగారూ అనేవారట, దానికీ మురిసిపోయేవారు. బల్ల మీద ఒకటి కొడితే ఆ రోజు సరుకు బయటికి, రెండు కొడితే చెత్తలోకి. ఆ బల్ల ఆఫీసులో వదిలేసి రాకుండా ఇంటికి కూడా తెచ్చుకున్నారు. పెళ్ళయిన నాలుగో రోజు మొదటిసారి వడ్డించాను. కంచం అంచు మీద రెండు దెబ్బలు. మీరు లేచి బస్సెక్కి సిటీలోకి పోయి తినొచ్చారు. నేనేదో ఆటలాడుతున్నారనుకున్నాను, పిచ్చిదాన్ని.

నెలలు నిండినప్పుడూ రెండే. జ్వరంతో నిలబడి వండినప్పుడూ రెండే. మీ అమ్మగారు పోయేముందు నా చేతి కూర అడిగి తిన్నారు, ఆవిడ ముందు కూడా రెండే కొట్టారు. ఒక్కసారైనా ఒక్కటి కొడతారని కాచుకుని కూర్చునేదాన్ని, మీ మొహం వంక చూస్తూ. నా అన్నం చల్లారిపోయేది.

అయితే ఒకటి. మీరు అబద్ధం ఆడరు. అది ఒప్పుకోవాలి. ఓనరుగారు కూతురి పేరు మీద కొత్త బిస్కెట్టు చేయిస్తే, అందరూ ఆహా ఓహో అంటుంటే, ఆయన మొహం మీదే రెండు కొట్టి ప్రమోషన్ పోగొట్టుకున్నారు. ఆ రోజు రాత్రి కడుపు మండినా, లోపల ఎక్కడో అనుకున్నాను, ఈయన నాకు ఇచ్చేది కనీసం నిజమే అని. దాన్ని పట్టుకునే బతికాను.

మాంసం వేశాడు. విన్నారా చప్పుడు? మింగకండి, ఉమ్మి తుడుస్తాను.

సరే, ఒక మాట చెప్పాలి. మీ గొంతుకి ఎక్స్‌రే తీశారు కదా, ఫలితం వచ్చిందని, నోటితో తినడం ఇంకా కుదరదట అని మీతో చెప్పాను కదా. మీరు ఆ రోజంతా మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నారు.

అది అబద్ధం.

మింగడం నేర్పే అమ్మాయి వరండాలో నిలబడి నాతో చెప్పింది. గొంతు బాగుపడిందమ్మా, ఇవాళ్టి నుంచే మొదలుపెట్టొచ్చు, వీపు నిటారుగా, గడ్డం కిందికి, చిక్కటి జావ, అరచెంచా చొప్పున అని. ఇది జరిగి పదకొండు రోజులు. పదకొండు ఇళ్ళు తిప్పారు కదా, నేనూ పదకొండు రోజులు తిప్పాను. కిటికీ తెరిచే ఉంచాను.

కళ్ళు పెద్దవి చెయ్యకండి. ఆ అమ్మాయి రేపు వస్తుంది, ఎంతవరకు తింటున్నారని అడుగుతుంది. అందుకని ఇవాళ చేశాను. ఓట్స్ జావ. ఆ బీరువా అంత వంటగదిలోనే, ఒంటికాలి మీద నిలబడి, ఉండ కట్టకుండా కలియబెట్టాను. కింది వాళ్ళది కాదు. ఇంతకాలానికి మీ నోట్లో పడే మొదటి ముద్ద నాది.

మన ఇంటి పద్ధతే. ఒకటి కొడితే ఇంకో చెంచా, రేపూ ఎల్లుండీ కూడా. రెండు కొడితే గిన్నె సింకులో బోర్లించేసి, ఆయనకి నోటితో తినడం ఇష్టం లేదట అని ఆ అమ్మాయికి చెప్పేస్తాను. గొట్టం ఉండనే ఉంది. ఇదిగో, కంచం మీ వేలి కిందే పెట్టాను.

గడ్డం కిందికి. ఇంకొంచెం. ఆ. మెల్లిగా. నాలుక మీద ఉంచుకోండి, తొందరేం లేదు. మింగండి. దగ్గు రాలేదు, బాగుంది.

చెప్పండి.

ఊఁ, కొట్టండి.

ఒకటి. ఇంకోటి కొడతారని చూస్తున్నాను. కొట్టరా? ఒకటేనా? మళ్ళీ కొట్టి చూపించండి. ఒకటే.

అందులో ఉప్పు లేదండీ. చక్కెరా లేదు. మర్చిపోయి కాదు. డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. మీ నాలుకకి తెలియకపోవడం ఉండదు. మీ మొహంలో కనిపించింది కూడా, ఆ కనుబొమ్మ ఎగరడం నాకు తెలీదా? తెలిసీ ఒకటి కొట్టారు.

రెండు కొడతారనే అనుకున్నాను నేను. కొట్టుంటే ఏం చేసేదాన్నో తెలుసా? నోటికి ఏదో అన్నాను గానీ, లేచి వెళ్ళి ఉప్పు వేసి, నెయ్యి వేసి తెచ్చి, ఈ గిన్నె మొత్తం తినిపించి, మీ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళు నాకిచ్చిన ఆ ఒక్క నిజమూ అరచెంచా జావకి అమ్మేశారు కదండీ. ఇప్పుడు మీ దగ్గర నాకేం మిగిలింది?

ఏడవకండి. ఏడిస్తే పొలమారుతుంది, ఆ అమ్మాయి మరీ మరీ చెప్పింది.

రేపు కూడా ఉప్పు వెయ్యను. గడ్డం కిందికి పెట్టి, నోరు తెరవండి.