బోర్డుల బాబాయి చూసిన పదిహేడు ఊళ్ళు

"ఇల్లు దొరకడం గొప్పేం కాదమ్మా, ఊరు దొరకాలి. నేనూ మీ పిన్నీ మీ వయసులో ఉన్నప్పుడు నాలుగు ఊళ్ళు చూసి, అయిదోది ఎంచుకున్నాం. అదే ఇది."

బోర్డుల బాబాయి ఇలా మొదలుపెట్టగానే నేను మిషను ఆపేశాను. నాది టీకొట్టు పక్కనే బట్టలు కుట్టే కొట్టు. మధ్యలో గోడ లేదు, ఒక రేకు అడ్డం, అంతే. ఆయన మాట్లాడుతుంటే నా కుట్టు వంకర పోతుంది.

ఎదురు బల్ల మీద కూర్చున్న జంట పొద్దున తొమ్మిదింటి బస్సుకి దిగారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు. అమ్మాయికి ఇక్కడి హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. అబ్బాయి ఇక్కడికి మూడు గంటల దూరంలో, పంపుసెట్లు తయారుచేసే చోట పనిచేస్తాడు. అక్కడ ఉండాలా, ఇక్కడ ఉండాలా, మధ్యలో ఇంకెక్కడైనా ఉండాలా అని పది రోజులుగా కాళ్ళరిగేలా తిరుగుతున్నారట. అబ్బాయి ఫోన్లో పట్టీ రాసుకున్నాడు. నీళ్ళు, కరెంటు, బస్సు, ఆసుపత్రి, దోమలు అన్నిటికీ మార్కులు. ఇవాళ చూసిన అయిదిళ్ళూ ఫెయిలయ్యాయి. ఆరో ఇల్లుగలాయన నాలుగున్నరకి తాళంచెవి తెస్తానన్నాడు. అమ్మాయి చెప్పు విప్పి మడమ మీద బొబ్బ చూసుకుంటోంది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని గంటయింది.

ఇలాంటివాళ్ళు చిక్కితే బాబాయి వదులుతాడా?

"మొదటి ఊరు చూడ్డానికి బాగానే ఉండేది బాబూ, నీళ్ళే కాస్త ఉప్పు. ఎంత ఉప్పు అంటావా? మీ పిన్ని నెల రోజులు కూరలో ఉప్పు వెయ్యలేదు. స్నానం చేసి ఎండలో నిలబడితే ఒంటి మీద తెల్లగా పేరుకునేది, దులిపి డబ్బాలో పోసుకునేవాళ్ళం. చుట్టాలొస్తే తలో పొట్లం కట్టిచ్చేవాళ్ళం. ఇలా అయితే మనం ఎండిపోతామే అని పెట్టె సర్దేశాను. రెండో ఊరు. అక్కడ నీళ్ళు అమృతం. గాలే కొంచెం ఎక్కువ. నేను బోర్డులు రాసేవాణ్ణి కదా, నిచ్చెనెక్కి 'బియ్యం కొట్టు' అని రాయబోయాను. 'బి' రాశాను, సరిగ్గానే పడింది. 'య్యం' అని కుంచె ఎత్తానో లేదో, గాలికి రంగు ఎగిరిపోయి ఎదురింటి గోడకి అతుక్కుంది. అక్షరం చెక్కుచెదరలేదు, ఒత్తుతో సహా! ఆ ఇంటాయన బయటికొచ్చి, మా గోడ మీద 'య్యం' ఏంటండీ, చూసినవాళ్ళు ఏమనుకుంటారు అని ఒకటే గొడవ."

"ఆరేసిన బట్టల సంగతి?" అంది టీకొట్టు అక్క, గ్లాసులు కడుగుతూనే. ఆవిడకి ఈ కథ కంఠతా వచ్చు.

"అదీ చెప్తా. పొద్దున ఆరేసిన చొక్కా సాయంత్రానికి పక్క ఊళ్ళో ఎవరో తొడుక్కుని తిరుగుతున్నాడు. వాడికి సరిపోయింది కూడాను, ఏమంటాం? సరే, మూడో ఊరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకా సామాను దింపుతున్నాం. ఎదురింటావిడ వచ్చి మీ పిన్ని చెయ్యి పట్టుకుని ఓదారుస్తోంది, 'గురువారం మీ ఆయన మీ మీద అన్నేసి కేకలెయ్యడం ఏం బాగాలేదమ్మా' అని. ఆ రోజు ఇంకా సోమవారం! మేము ఇంకా తలుపు తాళమే తియ్యలేదు!"

అమ్మాయి తలెత్తింది. "గురువారం ఏమైంది?"

"ఏమవుతుంది, కేకలేశాను. ఊరు ఊరంతా కుర్చీలేసుకుని కూర్చుంటే కాదనగలమా?"

అమ్మాయి నవ్వింది. అబ్బాయి నవ్వలేదు. టైము చూసుకుని ఫోను బోర్లా పెట్టాడు.

"నాలుగోది దుమ్ము ఊరు. మీ పిన్ని చీపురు పట్టుకుని గుమ్మం ఊడవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఊడ్చింది, రెండ్రోజులు ఊడ్చింది, మూడో రోజుకి కింద ఇంకో గుమ్మం బయటపడింది. దాని తర్వాత మెట్లు. దిగి చూస్తే కింద ఒక వాటా, అందులో మొగుడూ పెళ్ళాం కూర్చుని భోంచేస్తున్నారు! తలుపు తట్టి రావాలని తెలీదా అని మమ్మల్నే కోప్పడ్డారు. ఆ ఊళ్ళో అద్దెకి దిగడమంటే నిజంగా దిగడమేనన్నమాట."

"నాలుగూ అయిపోయాయి బాబాయ్," అన్నాను నేను. "ఇక ఇక్కడికి వచ్చెయ్."

"నాలుగు అన్నది పెద్దవాటిని. చిన్నా చితకా కలిపితే పదిహేడు."

"పోయిన నెల పదకొండు."

"నువ్వు గుండీలు లెక్కపెట్టుకో నాయనా, ఊళ్ళు నేను లెక్కపెడతాను." బాబాయి టీ గ్లాసు కింద పెట్టి మోకాలు రుద్దుకున్నాడు. "తిరిగి తిరిగి అలిసిపోయామమ్మా. అలుపంటే ఇవాళ్టి మీ అలుపులాంటిది కాదు, లోపల ఎముకలు కూడా పడుకుందామని పోరుపెట్టే అలుపు. అప్పుడు ఒక ఊరు తగిలింది, అది మాకంటే అలిసిపోయి ఉంది. అక్కడ ఒక కుక్క మొరగడం మొదలుపెడితే సగంలో ఆపేసేది, మిగతా సగం పక్క వీధి కుక్క పూర్తిచేసేది. గడియారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆరు గంటలే కొట్టి, మిగిలిన ఆరూ రేపు కొడతాలే అని ఊరుకునేది. మనుషులు 'ఎవరు మీరు' అని అడగడం కూడా బద్ధకమే, 'ఎ' అని మా మొహం చూసేవాళ్ళు. ఇక్కడుంటే మనం మళ్ళీ లేవలేమే అన్నాను మీ పిన్నితో. ఆవిణ్ణి భుజాన వేసుకుని, సామాను నెత్తిన పెట్టుకుని, ఎనిమిది రోజులు నడిచాను. తొమ్మిదో రోజు నా కాళ్ళు ఆగిపోయాయి. నేను ఆపలేదు, అవే ఆగాయి."

"ఎక్కడ?" అన్నాడు అబ్బాయి. అడగకూడదనుకుంటూనే అడిగినట్టున్నాడు.

"ఇక్కడే! నువ్వు కూర్చున్న బల్ల ఉందే, ఆ చోట. చుట్టూ ఏముందనుకున్నావ్? ఏమీ లేదు. ఇల్లు లేదు, రోడ్డు లేదు, నీడ కూడా మేము వెంట తెచ్చుకున్నదే. నా దగ్గర ఒక రేకూ, డబ్బా అడుగున కాస్త ఎర్రరంగూ ఉన్నాయి. నోటికొచ్చిన పేరొకటి రేకు మీద రాసి, కర్రకి కొట్టి పాతాను. పొద్దున మీ టికెట్టు మీద ఉన్న పేరు అదే. తెల్లారేసరికి బస్సు ఆగింది! డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు, బోర్డున్నప్పుడు ఆపాలి కదా. దిగినవాళ్ళు ఊరేదీ అన్నారు. వస్తుంది, కాసేపు కూర్చోండి అన్నాను. 'పోస్టాఫీసు' అని రాశాను, సాయంత్రానికి పోస్టుమాస్టరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చేశాడు. 'ఆసుపత్రి' అని రాశాను, అరగంటలో పదిమంది దగ్గుకుంటూ లైను కట్టారు, డాక్టరు తర్వాత వచ్చాడు. నువ్వు సోమవారం చేరబోయే హైస్కూలుందే తల్లీ, 'హై' రాసేసరికే పిల్లలు అల్లరి మొదలుపెట్టారు. చివరికి 'ఏరు' అని రాద్దామనుకున్నాను, ఏరు లేకపోతే ఊరేంటి? 'ఏ' రాసేసరికి రంగు అయిపోయింది. అందుకే మన ఏరు చూడు, ఆరు నెలలు పారుతుంది, ఆరు నెలలు ఉండదు."

టీకొట్టు అక్క గ్లాసులు కడగడం ఆపి నవ్వింది. ఏరు ముక్క కొత్తది. నేనూ ఎప్పుడూ వినలేదు.

బాబాయికి ఊపొచ్చింది. అబ్బాయి వైపు వంగాడు. "అందుకే చెప్తున్నాను బాబూ. ఊరు ఎంచుకోవడం మగాడి పని. పదిహేడు ఊళ్ళు తిప్పినా మీ పిన్ని ఒక్కసారి ఎందుకు, ఏమిటి అని అడగలేదు. నేను రమ్మన్న చోటికి వచ్చింది, ఉండమన్న చోట ఉంది. నువ్వు గట్టిగా ఒక మాట చెప్పెయ్, అమ్మాయి వినకేం చేస్తుంది?"

అమ్మాయి మొహంలో నవ్వు పోయింది. చెప్పులో కాలు దూర్చుకుంటూ, "ఆయనా అదే అంటున్నారు," అంది. "ఈ ఉద్యోగం వదిలెయ్యమంటున్నారు. తన ఊళ్ళో ఇంకోటి దొరుకుతుందిలే అంటున్నారు. నాలుగేళ్ళు పరీక్షలు రాశానండీ దీనికోసం."

"నేను వదిలెయ్యమనలేదు. ఆలోచించమన్నాను," అన్నాడు అబ్బాయి.

"పది రోజుల నుంచి ఇళ్ళకి మార్కులేస్తున్నారు. నేను అలిసిపోయి సరే అనాలని."

అబ్బాయి ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క ఊరు."

వెనకనుంచి వచ్చింది ఆ మాట. సిస్టరమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో మాకెవరికీ తెలీదు. బాబాయి భార్య. ఆసుపత్రిలో హెడ్ నర్సు, వచ్చే ఏడాది రిటైరవుతుంది. నాలుగింటికి డ్యూటీ దిగి, ఇక్కడ ఆయన్ని కలుపుకుని ఇంటికి వెళ్తుంది రోజూ. కథ నడుస్తుంటే అయ్యేదాకా ఒక పక్కన నిలబడుతుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన మాటకి అడ్డురావడం నేను చూడలేదు.

"మేము చూసింది ఒక్క ఊరమ్మా," అంది, అమ్మాయి పక్కన కూర్చుంటూ. "అది కూడా నేను చూశాను. ఈయన చూడలేదు."

"అబ్బా, నువ్వు ఆగవే..." అన్నాడు బాబాయి.

"ముప్పై ఏళ్ళు ఆగాను. ఇవాళ నాకు ఓపిక లేదు." సిస్టరమ్మ గొంతులో కోపం లేదు. పొద్దుట్నుంచీ నిలబడి పనిచేసిన మనిషి గొంతు అది. "నాకు ఇక్కడ నర్సు ఉద్యోగం వచ్చింది. ఈయనకి సిటీలో సినిమా బ్యానర్లు రాసే పని, మంచి పేరు. నన్ను మానెయ్యమన్నారు. నేను మాననన్నాను. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు నేను ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చేశాను. పద్నాలుగు నెలలు ఆయన అక్కడ, నేనిక్కడ. ఆదివారం పొద్దున వచ్చేవారు, సాయంత్రం అయిదింటి బస్సుకి వెళ్ళిపోయేవారు. వచ్చిన ప్రతిసారీ, ఎప్పుడు మానేస్తావు అనేవారు. ఇక ఇలాగే విడిపోతామేమో అనుకున్నాను. మా అమ్మకి ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను. ఒక ఆదివారం ఈయన బస్సు తప్పిపోయిందని వెనక్కొచ్చారు. తెల్లారి వెళ్ళలేదు. ఆ పై వారమూ వెళ్ళలేదు. అంతే. ఊరు ఎంచుకోవడమూ లేదు, పాడూ లేదు."

బాబాయి నవ్వబోయాడు. "అది మాత్రం నిజం. బస్సు తప్పింది. ఆ డ్రైవరు అయిదు నిమిషాలు ముందే తీసేస్తే, నేను దాని వెనక రెండు మైళ్ళు..."

"తప్పలేదు."

బాబాయి ఆవిడ వైపు తిరిగాడు.

"ఆ రోజు నాకు సాయంత్రం డ్యూటీ. పైన వార్డు కిటికీ దగ్గర నిలబడి దుప్పట్లు మడతపెడుతున్నాను. మీరు స్టాపులో కూర్చుని ఉన్నారు, సంచి ఒళ్ళో పెట్టుకుని. బస్సు వచ్చి మీ ముందే ఆగింది. కండక్టరు దిగి మిమ్మల్ని పిలిచాడు కూడా. మీరు తల అటు తిప్పుకున్నారు. బస్సు వెళ్ళిపోయాక ఇంకో అరగంట అక్కడే కూర్చున్నారు. నేను దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత వచ్చి, రొప్పుతూ, పరిగెత్తాను గాని అందలేదు అన్నారు. నేను 'అయ్యో' అన్నాను."

పొయ్యి మీద టీ పొంగుతోంది. అక్క దాన్ని దించడం మర్చిపోయింది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు బాబాయి. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని నాకు అప్పుడే తెలిసింది.

"మీరూ చెప్పలేదుగా," అంది సిస్టరమ్మ.

ఇల్లుగలాయన సైకిలు దిగి, ఎవరమ్మా ఇల్లు చూసేవాళ్ళు అని కేకేశాడు. అమ్మాయి లేచి, కాలు కాస్త ఎత్తి వేస్తూ అటు నడిచింది. అబ్బాయి కూడా లేచి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఇక్కడికొచ్చేశాక మీకు పని దొరికిందా అంకుల్?"

మేమందరం బాబాయి వైపు చూశాం. ఇలాంటి ప్రశ్నకి ఆయన దగ్గర మామూలుగా గంటన్నర జవాబు ఉంటుంది.

"రెండు నెలలు దొరకలేదు బాబూ," అన్నాడు బాబాయి. "ఆ తర్వాత ఆసుపత్రి గోడ మీద 'ఇక్కడ ఉమ్మివేయరాదు' అని రాయించారు. అదే మొదటిది."

బాబాయి ఇంకా ఏదో చెప్తాడేమోనని అబ్బాయి నిలబడ్డాడు.

"అంతే," అన్నాడు బాబాయి. "వెళ్ళు, ఆ అమ్మాయి ఒక్కతే వెళ్తోంది."