సున్నా చూపించిన మీటరు

అది పారెయ్యకు తల్లీ, ఇలా తే. బ్యాటరీ వెయ్యక్కర్లేదు, పాడైపోయి ఎన్నేళ్ళయిందో. మీ తాతది. ముందా ఫ్యాను కాస్త తగ్గించు, గొంతు పెంచి చెప్పే ఓపిక లేదు నాకు. ఆఁ, కూర్చో.

మేమిద్దరం ఒకే పైపుల ఫ్యాక్టరీలో చేసేవాళ్ళం కదా. నన్నందులో పెట్టించిందీ మీ తాతే, ఎంతైనా పెళ్ళాం తమ్ముణ్ణి. పైపుల అతుకులు లోపల చీలాయో లేదో ఫొటో తీసి చూడటానికి రేడియేషన్ వచ్చే లోహపు ముక్క ఒకటి తెప్పించేవాళ్ళు. ఎంతుంటుందనుకున్నావ్, పెసరగింజంత! దాన్ని సీసం కుండలో పెట్టి, కుండని పెట్టెలో పెట్టి, లారీలో పంపేవాళ్ళు. పెట్టె దించుకోగానే రేడియేషన్ ఎంత బయటికొస్తోందో ఇదిగో, ఈ మీటరుతో కొలవాలి. మీ తాత దీన్ని గేటు దగ్గరే ఆన్ చేసి, ముల్లు మీంచి కన్ను తీయకుండా అడుగులో అడుగేసుకుంటూ వచ్చేవాడు. "పెళ్ళికూతురొస్తోంది, దారివ్వండహో" అని అరిచేవాణ్ణి నేను. నా నోటికి హద్దేముంది.

ఆ రోజు ఆయన భోజనానికెళ్ళాడు. లారీ వచ్చింది. "సార్, సంతకం పడేస్తే పోతా, ఇంకా రెండు చోట్లు తిరగాలి" అని డ్రైవరు ఒకటే నస. దించుతుంటే పెట్టె ట్రాలీ మీంచి జారి దబ్బున పడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చూస్తే పైకి గీతైనా పడలేదు. మీటరు తెచ్చి, పెట్టె మీదకి వంగి, అక్కడే ఆన్ చేశా. సున్నా! అమ్మయ్య అనుకున్నా. మళ్ళీ చూశా, సున్నానే. సంతకం పెట్టేసి, అక్కడే నిలబడి వాడితో కబుర్లు కూడా మొదలెట్టా.

అప్పుడొచ్చాడు మీ తాత, చెయ్యి కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. "ఎంతొచ్చింది?" "సున్నా బావా." ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. మంచి పెట్టె కూడా కాస్తో కూస్తో ముల్లుని కదిలిస్తుంది, బొత్తిగా సున్నా అంటే నమ్మకూడదు, ఎన్నిసార్లు చెప్పాడో నాకు. మీటరు లాక్కుని, "నడవండి ఇద్దరూ, గేటు దాకా ఆగకండి" అని మమ్మల్ని తోలుకుపోయాడు. అక్కడ ఆన్ చేసి, పెట్టె వైపు నాలుగడుగులు వేశాడో లేదో, ముల్లు లేచింది. ఇంకో నాలుగు, చివరికంటా కొట్టుకుంది. ఇంక ముందుకి పోలేదాయన. పడ్డప్పుడు లోపల కుండ మూత ఊడిపోయింది తల్లీ. మరీ దగ్గరికెళ్తే ఈ రకం మీటరు తట్టుకోలేదుట, సున్నాకి పడిపోతుందిట. గొంతులో ముద్ద అడ్డుపడినవాడికి మాట రాదు చూడు, అలాగన్నమాట.

గేటు మూయించాడు. పెద్దాఫీసువాళ్ళొచ్చి ఆ కుండ మూత మళ్ళీ బిగించేసరికి చీకటి పడింది. ఆ తర్వాత జరిగింది పైవాళ్ళకి రాసి పంపడానికి కాగితం తీశాడు. "ఎంతసేపున్నావురా అక్కడ?" "నిమిషం బావా." డ్రైవరు నోరు ఊరుకుందా, "ఐదు నిమిషాలుంటుంది సార్" అన్నాడు. నేను కాళ్ళమీద పడ్డా. "నిమిషమని రాయి బావా, లేకపోతే ఉద్యోగం పోతుంది."

"నిమిషమని రాస్తే మిగతా నాలుగూ నీ ఒంట్లోంచి పోతాయట్రా?"

ఐదనే రాశాడు. వంగి ఉన్నానని కూడా రాశాడు. నా ఉద్యోగం ఊడింది. మా అక్క, అదే మీ నానమ్మ, ఇద్దరి మధ్యా నలిగిపోయింది. నాకు కడుపు మండిపోయింది. పదకొండేళ్ళు ఆయనతో మాట్లాడలేదు నేను. ఆయన రాసిన అంకె వల్లే ఏడాదికోసారి నన్ను రక్త పరీక్షకి పిలిచేవాళ్ళు. వెళ్ళినప్పుడల్లా బయట బెంచీ మీద కూర్చుని ఉండేవాడు. బాగానే ఉందని నర్సు చెప్పగానే లేచి వెళ్ళిపోయేవాడు. నేను మొహం తిప్పుకునేవాణ్ణి. పొగరు, ఇంకేం.

పన్నెండో ఏడు బెంచీ ఖాళీగా ఉంది. పక్షవాతమొచ్చి మంచం పట్టాడని అప్పుడు తెలిసింది. రిపోర్టు చేత్తో పట్టుకుని తిన్నగా ఇంటికెళ్ళా. మాట సరిగ్గా రావట్లేదు ఆయనకి. "బాగుంది బావా" అన్నా. తలడ్డంగా ఊపాడు.

"అంకె... చదువు."

చదివా. ఒక్కటీ వదలకుండా అన్నీ చదివా. కళ్ళు మూసుకుని విన్నాడు...

ఆఁ, ఏం లేదులే. ఆ గుడ్డ ఇటివ్వు, దీని దుమ్ము తుడుస్తా.