అందరికీ ఉన్న దగ్గు

కోర్టు వరండా. రాతిపొడి మిల్లు యజమాని, అతని మీద కేసు వేసి ఇప్పుడే ఓడిపోయిన చెల్లెలు, అతని తరఫు ప్లీడరు.

"అలా వెళ్ళిపోతావేం? ఆగు! జడ్జిగారు ఏమన్నారో నా మొహం చూసి ఒకసారి చెప్పి వెళ్ళు."

"విన్నావు కదా అన్నయ్యా."

"నేను విన్నాను. నీ నోటితో చెప్పు."

"వీధి మొత్తానికీ ఉన్న బాధ మీద ఒక్క మనిషి కేసు వెయ్యడానికి లేదన్నారు. అందరికంటే వేరుగా నాకేదైనా నష్టం జరిగితేనే నేను వెయ్యాలట. చెప్పాను. చాలా?"

"చాలదు. కేసులో ఏం రాయించావు? వీధిలో ఇంకెవరికీ లేని బాధ నీ కూతురొక్కదానికే అని రాయించావు. నా మిల్లు పొడి గోడ దాటి సరిగ్గా నీ ఇంట్లోకే వస్తుందా? దానికి నేనేమైనా అడ్రసు రాసిచ్చి పంపానా?"

"రాయించాను. నిజమే."

"ఎంత పొగరు! వీధంతా హాయిగా ఉందట, ఈవిడ కూతురే ఊపిరాడక కొట్టుకుంటోందట!"

"కొట్టుకుంటోంది. అది మాత్రం అబద్ధం కాదు. పడుకుంటే ఊపిరి అందక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది. నీ మేనకోడలు. ఒక్కసారైనా వచ్చి చూశావా?"

"నా మీద కేసు వేసినవాళ్ళ ఇంటికి నేనెందుకొస్తాను?"

"కేసు వెయ్యకముందు?"

"ప్లీడరుగారూ, చూడండి, ఓడిపోయి కూడా నోరు తగ్గలేదు."

"వదిలేయండి సార్. గెలిచాం కదా. పదండి."

"ఎందుకు వదలాలి? నలుగురిలో నా పరువు తీసింది. ఏమే, మిల్లు ముందా, నీ ఇల్లు ముందా? నాన్న ఆ స్థలం నీకిచ్చినప్పుడు పక్కన మిల్లుందని కనబడలేదా?"

"కనబడింది. అప్పుడు ఒక్క మర ఉండేది. చుట్టూ గోనెపట్టాలు కట్టించి, పొద్దుటా సాయంత్రం తడిపించేవారు నాన్న. పొడంతా వాటికే అంటుకునేది. నువ్వొచ్చి నాలుగు మరలు పెట్టావు, పట్టాలు పీకేశావు."

"వాటిని తడపడానికి ఓ మనిషి. దండగ."

"ఈ మాట లోపల అనలేదేం?"

"నేనెందుకు మాట్లాడాలి? వీధి వీధంతా మాట్లాడింది నా తరఫున! ఒక్కొక్కరూ బోనెక్కి ఏం చెప్పారో విన్నావా? సెలూన్ అతను ఏమన్నాడు? గడ్డానికి నురగ రాసి కత్తి తీసేలోపు నురగ మీద పొడి పడుతోందన్నాడు. టీచరమ్మ? బెంచీల మీద పిల్లలు వేలితో పేర్లు రాసుకుంటున్నారంది. బాధ అందరిదీ అయినప్పుడు నీ ఒక్కదాని గొప్పేంటి?"

"అందరూ వచ్చారు. అవును."

"రాక చస్తారా? సగం మంది నా ఇళ్ళల్లో అద్దెకుంటారు, మిగతా సగం నా మిల్లులో పని చేస్తారు. రమ్మన్నాను, వచ్చారు. చెప్పమన్నాను, చెప్పారు."

"సార్, ఇక్కడ కాదు, కాస్త మెల్లగా..."

"మీరుండండి. ఇద్దరు సాక్షులు చాలన్నారు మీరు. ఇద్దరేంటి, వీధంతా తెస్తానన్నాను. తెచ్చానా లేదా?"

"మీ అత్తగారు కూడా వచ్చారు కదా అన్నయ్యా."

"మా అత్తగారా! బోనెక్కీ ఎక్కగానే అందుకుంది దగ్గు! జడ్జిగారే మంచినీళ్ళు తెప్పించారు."

"దగ్గమని చెప్పావా?"

"చెప్పక్కర్లేదు. ఆవిడకి ఎప్పుడూ ఉన్నదే."

"ఎప్పటి నుంచి?"

"మా ఇంట్లో ఉండటానికి వచ్చిన... నీకెందుకు?"

"ఊరికే అడిగాను."

"అమ్మా, ఒక్క మాట. ఇందాక గుమాస్తా దగ్గర నకళ్ళు అడుగుతున్నారు. అప్పీలుకి వెళ్తారా?"

"అప్పీలెందుకండీ ప్లీడరుగారూ? తీర్పు సరిగ్గానే ఉంది."

"మరి నకళ్ళు?"

"తీర్పుకి కాదండీ. సాక్షులు చెప్పినవాటికి."

"సార్... పదండి, వెళ్దాం."

"ఆగవయ్యా! వాటినేం చేసుకుంటుంది, పటం కట్టించుకుంటుందా? ఒక్క మనిషి వెయ్యకూడదని జడ్జిగారే కొట్టేశాక ఇంకెవడు వేస్తాడు కేసు?"

"జనం తరఫున ప్రభుత్వ ప్లీడరు వెయ్యొచ్చు సార్. ఆయనకి ఆ అడ్డు లేదు."

"వెయ్యమను! సాక్ష్యమేది? నా మీద నోరు విప్పే మొనగాడు ఆ వీధిలో ఎవడున్నాడు?"

"సార్."

"ఏంటి సార్, సార్?"

"అందరూ విప్పారు సార్. ఇప్పుడే. మనమే విప్పించాం."

"అయితే మాట మార్చమంటాను. సాయంత్రానికల్లా మారుస్తారు."

"ప్రమాణం చేసి చెప్పారు. ఇప్పుడు కాదంటే అబద్ధపు సాక్ష్యం. జైలు. మీ ఇళ్ళల్లో అద్దెకుంటారేమో గానీ, మీకోసం జైల్లో ఉండరు సార్."

"చిట్టీ! ఇటు చూడు. నీ కూతురొక్కదానికే అని... కావాలనే రాయించావా?"

"నేనేదంటే అది కాదని రుజువు చేసేదాకా నువ్వు ఊరుకోలేవు కదా. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను."

"సొంత అన్నని..."

"పోయినేడు ప్రభుత్వ ప్లీడరు దగ్గరికి వెళ్ళాను అన్నయ్యా. 'నువ్వు కాకుండా వీధిలోంచి ఒక్కరంటే ఒక్కరు వచ్చి చెప్పినా కేసు నేనే వేస్తానమ్మా' అన్నారాయన నాతో. ఇంటింటికీ తిరిగాను. కాళ్ళు పట్టుకున్నాను. నీ పేరెత్తగానే దగ్గుకుంటూనే తలుపులేసుకున్నారు. ఆ ఒక్కరిని నేను తేలేకపోయాను. నువ్వు వీధి మొత్తాన్నీ తెచ్చావు, మీ అత్తగారితో సహా."